ప్రాణానికి విలువ కట్టాలంటే జీతం చీటీ ఎందుకు?

“ఆయన నెలకు ఎంత సంపాదించేవారు?”

రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకుని పరిహారం కేసు వేసిన మనిషికి ట్రిబ్యునల్‌లో ఎదురయ్యే ప్రశ్న ఇది. చనిపోయింది ప్రభుత్వ ఉద్యోగి అయితే ఆఫీసు నుంచి తెచ్చిన జీతం సర్టిఫికెట్‌ను లాయరు ముందు పెడతారు. చనిపోయింది కూలి మనిషి అయితే భార్య నోటితో చెప్పాలి. “పని దొరికిన రోజు ఆరేడు వందలు తెచ్చేవాడు సార్” అంటుంది. “రుజువేంటి?” అని బీమా కంపెనీ లాయరు అడుగుతాడు. ఆమె దగ్గర రుజువు ఉండదు. కూలి డబ్బులు చేతిలో పెట్టిన మేస్త్రీ ఏనాడూ కాగితం ఇవ్వలేదు.

ఆదాయాన్ని బట్టి మనిషికి విలువ కట్టొచ్చా అని ఎవరిని అడిగినా, అదెలా కుదురుతుంది, మనుషులంతా సమానమే కదా అంటారు. బడి పుస్తకాల్లో అదే రాసి ఉంది. రాజ్యాంగంలోనూ అదే ఉంది. కానీ ఒక ప్రాణం పోయాక ఆ కుటుంబానికి ఎంత ఇవ్వాలో తేల్చే చోట మాత్రం ఈ దేశంలో ఎక్కువగా చూసేది ఆదాయాన్నే. ఆ లెక్క ఎలా నడుస్తుంది, అందులోకి కులం ఏ దారిన వస్తుంది, ఆదాయం అడగకుండానే పరిహారం ఇచ్చే పద్ధతులు మన చట్టాల్లో ఎక్కడున్నాయి అన్నవి ఇక్కడ వివరంగా చూద్దాం. ఇది తెలిసి ఉండటం మన పేటల్లో, వాడల్లో ఎన్నో కుటుంబాలకు అవసరం.

లెక్క ఇలా కడతారు

రోడ్డు ప్రమాద మరణాల్లో పరిహారాన్ని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ తేలుస్తుంది. ‘న్యాయమైన పరిహారం’ ఇవ్వాలని మాత్రమే చట్టం చెప్పింది. ఆ న్యాయాన్ని అంకెల్లోకి ఎలా మార్చాలో సుప్రీంకోర్టు తీర్పులు చెప్పాయి. వాటిలో రెండు ముఖ్యమైనవి. ఒకటి 2009లో వచ్చిన సరళా వర్మ కేసు తీర్పు. రెండోది 2017 అక్టోబర్ 31న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన ప్రణయ్ సేఠీ కేసు తీర్పు.

వాటి ప్రకారం లెక్కలో నాలుగు మెట్లున్నాయి. మొదట చనిపోయిన మనిషి ఆదాయం తీసుకుంటారు. బతికి ఉంటే ముందుముందు ఆ ఆదాయం పెరిగేది కాబట్టి దానికి కొంత శాతం కలుపుతారు. తన సొంత ఖర్చు పోయేది కాబట్టి కొంత తీసేస్తారు. మిగిలినదాన్ని ఏడాదికి లెక్కగట్టి, వయసును బట్టి ఒక అంకెతో హెచ్చిస్తారు. ఆ అంకెను గుణకం అంటారు. 31 నుంచి 35 ఏళ్ల వాళ్లకు గుణకం 16.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరికీ 32 ఏళ్లు. ఇద్దరికీ భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్నారు. ఒకాయన మున్సిపాలిటీలో కాంట్రాక్టు మీద చెత్త ఎత్తే కార్మికుడు, చేతికొచ్చేది నెలకు 12,000 రూపాయలు. రెండో ఆయన ఆఫీసులో పర్మినెంట్ ఉద్యోగి, పన్ను పోను 48,000 రూపాయలు. ఒకే రోజు, ఒకే రోడ్డు మీద, ఒకే లారీ కింద పడి ఇద్దరూ చనిపోయారనుకుందాం.

కార్మికుడి లెక్క ఇలా ఉంటుంది. 12,000కు 40 శాతం కలిపితే 16,800. ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి నాలుగో వంతు తీసేస్తే 12,600. ఏడాదికి 1,51,200. దాన్ని 16తో హెచ్చిస్తే 24,19,200 రూపాయలు.

ఉద్యోగి లెక్క ఇది. 48,000కు 50 శాతం కలిపితే 72,000. నాలుగో వంతు తీసేస్తే 54,000. ఏడాదికి 6,48,000. 16తో హెచ్చిస్తే 1,03,68,000 రూపాయలు.

బతికున్నప్పుడు వాళ్లిద్దరి జీతాల మధ్య తేడా సరిగ్గా నాలుగు రెట్లు. చనిపోయాక అది దాదాపు 4.3 రెట్లు అయింది. ఎందుకంటే ఒకరికి 40 శాతం, మరొకరికి 50 శాతం కలిపారు. నలభై ఏళ్ల లోపు పర్మినెంట్ ఉద్యోగికి 50 శాతం కలపాలని, సొంత పని చేసుకునేవాళ్లకు, స్థిరమైన జీతం మీద పనిచేసేవాళ్లకు 40 శాతం కలపాలని ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పింది. నలభై దాటిన వాళ్లకు కూడా శాతాలు తగ్గుతాయే గానీ ఆ తేడా పోదు.

ఆ 10 శాతం విలువ ఎంతో చూడండి. మన కార్మికుడికీ 50 శాతం కలిపి ఉంటే ఆయన కుటుంబానికి 25,92,000 వచ్చేది. పర్మినెంట్ కానందుకు 1,72,800 రూపాయలు తగ్గాయి. ఆయన్ని పర్మినెంట్ చేయనిది ఎవరు? పదేళ్లు, పదిహేనేళ్లు అదే వార్డులో, అదే పని చేయించుకుని కాంట్రాక్టులోనే ఉంచిన యాజమాన్యం. ఆంధ్రప్రదేశ్‌లో మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు 2023 డిసెంబర్ చివర్లో సమ్మెకు దిగినప్పుడు వాళ్ల ప్రధాన డిమాండ్లలో పర్మినెంట్ చేయాలన్నది ఒకటి. ఆ డిమాండ్ నెలజీతానికి, సెలవులకు మాత్రమే సంబంధించింది కాదని ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. రేపు తన పిల్లలకు వచ్చే పరిహారం కూడా ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంది.

ఇదే తీర్పులో మరో సంగతి ఉంది. భార్యకో భర్తకో తోడు పోయినందుకు 40,000, అంత్యక్రియలకు 15,000, ఆస్తి నష్టం కింద 15,000 ఇవ్వాలని, మూడేళ్లకోసారి వాటిని 10 శాతం పెంచాలని చెప్పింది. ఇక్కడ జీతంతో పని లేదు. ఆఫీసరు భార్యకైనా కూలివాని భార్యకైనా అదే మొత్తం. అంటే మనుషులను సమానంగా చూసి లెక్కగట్టడం కోర్టులకు చేతకాని పనేమీ కాదు. తోడు పోయిన బాధ దగ్గర సమానంగా చూశారు. మిగతా లెక్కంతా జీతం చుట్టూ తిప్పారు.

ఆదాయమే లేనివాళ్ల సంగతి

సంపాదన లేని మనిషి చనిపోతే? పిల్లలు, ఇంటి దగ్గరుండే ఆడవాళ్లు, ముసలివాళ్లు? మోటారు వాహనాల చట్టంలో 1994లో ఒక పట్టిక చేర్చారు. అందులో సంపాదన లేనివాళ్లకు ఏడాదికి 15,000 రూపాయల ఊహాజనిత ఆదాయం అని రాశారు. అంటే నెలకు 1,250. ధరలన్నీ ఎన్నో రెట్లు పెరిగినా ఆ అంకె 2018లో పట్టికను మార్చేదాకా, 24 ఏళ్ల పాటు, కాగితం మీద అలాగే ఉండిపోయింది. అది అన్యాయమని చెప్పి మధ్యలో కోర్టులే కొన్ని కేసుల్లో ఎక్కువ వేసుకుంటూ వచ్చాయి.

ఆదాయం లేని చోట కోర్టులు దేన్ని చూశాయో తెలిస్తే ఈ కొలత ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది. 1995లో పంజాబ్‌లోని ఒక ప్రైవేటు స్కూలు పిల్లలు 14 మంది పిక్నిక్‌కు వెళ్లి బియాస్ నదిలో మునిగిపోయారు. ఒక్కొక్కరికి 5 లక్షల పరిహారాన్ని సుప్రీంకోర్టు 2001లో ఖాయం చేసింది. ఆ పిల్లలు ఎగువ మధ్యతరగతి కుటుంబాల వాళ్లు కావడం అప్పటి లెక్కలో ఒక కారణం. ఆ తల్లిదండ్రులకు వచ్చింది ఎక్కువని మేం అనడం లేదు. ఏ తల్లికైనా అది తక్కువే. మా ప్రశ్న వేరే. ప్రభుత్వ హాస్టల్లో చదువుకునే పిల్లవాడు అలాగే పోతే, వాడి భవిష్యత్తును తండ్రి కూలి డబ్బులను బట్టి కొలవాలా? డాక్టరు అయ్యేవాడో, కలెక్టరు అయ్యేవాడో, ముందే తక్కువ గీత గీసేయడం ఏం న్యాయం?

ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు ఇంకో ఉదాహరణ. 1997 జూన్ 13న అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 59 మంది చనిపోయారు. బాల్కనీ టికెట్ కొన్నారు కాబట్టి వాళ్లకు నెలకు కనీసం 15,000 ఆదాయం ఉండి ఉంటుందని ఢిల్లీ హైకోర్టు అనుకుని, ఇరవై ఏళ్లు దాటిన వాళ్లకు 18 లక్షలు, ఆ లోపు వాళ్లకు 15 లక్షలు లెక్కగట్టింది. 2011లో సుప్రీంకోర్టు ఆ ఊహను ఒప్పుకోకుండా మొత్తాలను 10 లక్షలు, 7.5 లక్షలకు తగ్గించింది. సినిమా టికెట్ ధరను చూసి మనిషి ఆదాయాన్ని, ఆదాయాన్ని చూసి ప్రాణం విలువను కట్టే స్థితికి ఈ పద్ధతి మనల్ని తెచ్చింది.

ఇంటిపని సంగతి కొంత మెరుగైంది. 2021 జనవరిలో కీర్తి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తన అభిప్రాయం రాశారు. 2011 జనాభా లెక్కల్లో దాదాపు 16 కోట్ల మంది ఆడవాళ్లు తమ ప్రధాన పని ఇంటిపనే అని చెప్పారని, అలా చెప్పిన మగవాళ్లు 58 లక్షల లోపేనని ఆయన ఎత్తిచూపారు. ఆడవాళ్లు జీతం లేని ఇంటిపనికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్లు 97 నిమిషాలే వెచ్చిస్తున్నారన్న 2019 సర్వేనూ ప్రస్తావించారు. ఇంటిపనికి ఆదాయం లెక్కగట్టడం ఆ శ్రమను గుర్తించడమేనన్నది ఆయన చెప్పిన సారం. డబ్బు రాని పని కూడా పనే అని దేశంలో అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకుంది. మన ఇళ్లలో ఆడవాళ్లు పొద్దున లేచి వంటావార్పూ చూసి, కూలికో ఊడ్చే పనికో పోయి, తిరిగొచ్చి మళ్లీ పొయ్యి దగ్గర కూర్చుంటారు. వాళ్లు చేసేవి రెండు పనులు. పరిహారం కేసు వేసేటప్పుడు ఆ రెండూ రాయించాలి.

ఆ జీతం ఎవరు పెట్టింది?

“పరిహారం అంటే ప్రాణానికి ఖరీదు కాదు. ఆ మనిషి సంపాదన మీద బతికే కుటుంబానికి వచ్చిన నష్టాన్ని పూడ్చడమే. ఎక్కువ సంపాదించే మనిషి పోతే నష్టం ఎక్కువ, అంతే” అని న్యాయవాదులు చెబుతారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. అప్పు కట్టాలన్నా, ఫీజులు కట్టాలన్నా ఆ కుటుంబం ఆ జీతాన్ని నమ్ముకునే ఉంది. దాన్ని కొట్టిపారేయలేం.

కానీ ఈ వాదన ఒక విషయాన్ని చూడకుండా దాటిపోతుంది. జీతం అనేది ఎండ, వాన లాగా దానంతట అది వచ్చింది కాదు. ఎవరో నిర్ణయించారు. మన విషయంలో చాలా కాలం పాటు దాన్ని నిర్ణయించింది కులం.

పాత ఊళ్ల సంగతి మన పెద్దవాళ్లకు గుర్తే. చెప్పులు కుట్టడం, మోటకు తోలు బొక్కెన కట్టడం, చచ్చిన పశువును ఊరవతలకు లాగెయ్యడం, చావుకూ పెళ్లికీ డప్పు కొట్టడం. ఈ పనుల్లో ఒక్కటి ఆగినా ఊరు నడవదు. వాటికి కూలి ఉండేది కాదు. పంట ఇంటికి చేరే ముందు కళ్లం దగ్గర మేర కింద ఇన్ని గింజలు కొలిచేవాళ్లు. కొన్ని పనులకు అదీ లేదు, వెట్టే. పని ఎంత కష్టం, ఎంత నైపుణ్యం, ఎంత అవసరం అన్నది ఎవరూ కొలవలేదు. చేసేది ఎవరు అన్నదాన్ని బట్టి ఇచ్చారు. కులం అంటే పనులను పంచుకోవడం కాదని, పని చేసేవాళ్లను మెట్లు మెట్లుగా విడగొట్టడమని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వివరించారు.

ఇప్పుడు మేర పోయింది, నెలజీతం వచ్చింది. పనుల పంపకం మాత్రం పెద్దగా మారలేదు. పాకీపని చేస్తున్నట్టు ప్రభుత్వ సర్వేల్లో గుర్తించినవాళ్లలో 43,797 మంది కులం వివరాలను కేంద్రం 2021లో పార్లమెంటుకు ఇచ్చింది. వాళ్లలో 42,594 మంది ఎస్సీలు. అంటే వందకు 97 మంది. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్ల మీద కేంద్రం చేయించిన సర్వేలో 2024 నాటికి నమోదైన 38,000 మందిలో దాదాపు 69 శాతం ఎస్సీలు. ఇవి ప్రభుత్వం సొంత లెక్కలు.

కులాన్ని బట్టి పని, పనిని బట్టి తక్కువ జీతం, జీతాన్ని బట్టి తక్కువ పరిహారం. పరిహారం తక్కువైతే పిల్లల చదువు ఆగుతుంది. చదువు ఆగితే వాళ్లూ అదే పనికి వెళ్తారు. కోర్టు ఎక్కడా కులం పేరు ఎత్తదు. ఎత్తాల్సిన అవసరం కూడా లేదు, జీతం చీటీలోనే అది ఉంది. బతికినన్నాళ్లూ తక్కువ ఇచ్చి, చనిపోయాక “ఇతనికి వచ్చేది ఇంతే కదా” అని అదే తక్కువను రుజువుగా తీసుకోవడం మాకు అన్యాయంగా కనిపిస్తోంది. అప్పు ఎగ్గొట్టినవాడే, నీకు డబ్బెప్పుడు ఉంది కనుక అన్నట్టు ఉంది ఇది.

ఆదాయం అడగని పరిహారాలు

వేరే దారి లేదా? ఉంది. మన చట్టాల్లోనే ఉంది, మన వాళ్ల పోరాటాల వల్లే వచ్చింది.

మొదటిది మురుగు కాలువల మరణాలు. కోలార్ బంగారు గనుల్లోని తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ తోటివాళ్లతో కలిసి నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. పదకొండేళ్ల తర్వాత, 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. 2023 అక్టోబర్ 20న బలరామ్ సింగ్ కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. శాశ్వత వైకల్యం వచ్చి సంపాదించలేని స్థితికి చేరితే 20 లక్షలకు, ఇతర వైకల్యాలకు 10 లక్షలకు తగ్గకూడదని చెప్పింది. కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, పిల్లల చదువు కూడా చూడాలని ఆదేశించింది.

ఈ 30 లక్షల లెక్కలో జీతం చీటీ లేదు, గుణకం లేదు. ఆ రోజు 500 రూపాయల కూలికి దిగాడా, నెలజీతానికి దిగాడా అన్నది అవసరం లేదు. మనిషి మురుగులో చనిపోయాడా లేదా అన్నదే ప్రశ్న. మనిషిని అలా దింపడమే నేరమని 2013 చట్టం చెబుతోంది కాబట్టి బాధ్యత ప్రభుత్వానిది. అందుకే ఇలాంటి చావు జరిగినప్పుడు ‘జారిపడ్డాడు’, ‘ఊపిరాడక మృతి’ అని మాత్రమే రాసి వదిలేయకుండా, శుభ్రం చేయడానికి దిగాడని ఎఫ్ఐఆర్‌లో, పంచనామాలో రాయించడం ముఖ్యం. ఇంటి యజమాని పిలిచినా, ప్రైవేటు కాంట్రాక్టరు పంపినా కుటుంబం ఈ హక్కును అడగాలి.

రెండోది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఇచ్చే సహాయం. 1995లో చేసిన నిబంధనలను 2016 ఏప్రిల్ 14న సవరించారు. నేరాన్ని బట్టి 85,000 నుంచి 8,25,000 రూపాయల దాకా మొత్తాలు పెట్టారు. హత్య జరిగితే 8,25,000. దానికి తోడు భార్యకు లేదా ఆధారపడినవాళ్లకు నెలకు 5,000 రూపాయల మూల పెన్షన్, దాని మీద కరువు భత్యం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, అవసరమైతే భూమి, ఇల్లు, పిల్లలకు డిగ్రీ దాకా పూర్తి చదువు ఖర్చు ఇవ్వాలని నిబంధనల్లో ఉంది. ఇక్కడా చనిపోయినాయన ఎంత సంపాదించేవాడని అడగరు. చాలా కుటుంబాలకు మొదటి విడత డబ్బు మాత్రమే తెలుసు. పెన్షన్, ఉద్యోగం, భూమి గురించి కలెక్టరేట్‌లో రాతపూర్వకంగా అడగాలి.

మూడోది మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. 2019 సవరణతో వచ్చిన 164వ సెక్షన్ ప్రకారం తప్పెవరిదో నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు అడగొచ్చు. మొత్తం తక్కువే, కానీ ఇక్కడా ఆదాయం అడగరు.

ఈ మూడింటినీ చూస్తే, చట్టం కావాలనుకున్న చోట ‘మనిషికి ఇంత’ అని చెప్పగలిగింది. ఆ పద్ధతిని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లమనే మేం అడుగుతున్నాం.

జీతం పెరిగితే విలువ పెరుగుతుందా?

ఆదాయం తప్పుడు కొలత అని రెండో వైపు నుంచి కూడా తెలుస్తుంది. బాగా సంపాదిస్తే కులం పోతుందని, మనిషికి విలువ దానంతట అదే వస్తుందని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 1917లో అంబేడ్కర్ అమెరికాలో, లండన్‌లో చదువుకుని బరోడా సంస్థానంలో పెద్ద ఉద్యోగానికి వచ్చారు. ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లను దూరం నుంచి విసిరేవాళ్లు. ఊళ్లో ఉండటానికి గది దొరకలేదు. పారసీల సత్రంలో వాళ్ల పేరుతో తలదాచుకుంటే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. చివరికి ఒక తోటలో కూర్చుని రైలు వేళ దాకా గడిపి బొంబాయి వెళ్లిపోయారు. ఆ రోజు బరోడాలో ఆయన కంటే తక్కువ చదువు, తక్కువ జీతం ఉన్న ఎంతోమందికి ఇళ్లు ఉన్నాయి.

ఇప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అద్దె ఇల్లు వెతికే మన సాఫ్ట్‌వేర్ పిల్లలను అడగండి. జీతం ఎంతని అడిగి సంతోషపడిన ఇంటాయనే, “ఇంతకీ మీరు ఏమిట్లు?” అని అడుగుతాడు. తక్కువ జీతం ఉన్నప్పుడు దాన్ని చూపించి విలువ తగ్గిస్తారు. ఎక్కువ జీతం వచ్చినప్పుడు కులాన్ని చూపించి తగ్గిస్తారు.

అయితే డబ్బు ముఖ్యం కాదా?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. “విలువను డబ్బుతో కొలవకూడదు” అనే మాటను మనకు వ్యతిరేకంగా వాడేవాళ్లు ఉన్నారు. పారిశుద్ధ్య పని దేవుడి సేవ అంటారు. కార్మికులకు శాలువాలు కప్పుతారు. 2019 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో ప్రధానమంత్రి పారిశుద్ధ్య కార్మికుల కాళ్లు కడిగారు. కరోనా రోజుల్లో పూలు చల్లారు. పొగడ్తలు వచ్చినంత తేలిగ్గా పర్మినెంట్ ఉత్తర్వులు రాలేదు. చేతి తొడుగులు, బూట్లు కూడా సరిగా రాలేదని కార్మికులు చెబుతూనే ఉన్నారు.

కాబట్టి మేం చెప్పేది స్పష్టంగా ఉండాలి. మనిషి విలువను ఆదాయంతో కొలవకూడదు. అదే కారణంతో ఎవరి ఆదాయాన్నీ తక్కువగా ఉంచకూడదు. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016 అక్టోబర్ 26న జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. జీతం అంటే మన విలువకు ఎవరో వేసే మార్కులు కాదు. చేసిన పనికి రావలసిన బాకీ. బాకీ తక్కువ వచ్చిందంటే ఇచ్చేవాడి తప్పు.

ఏం అడగాలి, ఏం చేయాలి

చట్టం మారేదాకా కేసులు ఆగవు కాబట్టి ముందు చేతిలో ఉన్న పనుల గురించి చెబుతాం.

ఆదాయానికి కాగితం లేదని భయపడి తక్కువ రాయించుకోవద్దు. 2011లో బెంగళూరు కూలీ ఒకాయన ప్రమాదంలో గాయపడ్డ కేసులో, నెలకు 4,500 వస్తుందని ఆయన నోటితో చెప్పిన మాటను సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఆ స్థాయి కూలి మనిషి దగ్గర కాగితాలు ఆశించకూడదని, ఆయన అడిగింది అతిగా లేదని చెప్పి, ట్రిబ్యునల్ వేసిన 3,000 లెక్కను పక్కన పెట్టింది. జీతం సర్టిఫికెట్ లేనప్పుడు ప్రభుత్వ కనీస వేతనాల నోటిఫికేషన్‌ను చూడొచ్చు గానీ, అదొక్కటే కొలత కాకూడదని 2021లో మరో కేసులో చెప్పింది. కాబట్టి తోటి కూలీలను సాక్షులుగా పెట్టండి. ఉపాధి హామీ కార్డు, ఫోన్‌లో వచ్చిన డబ్బుల వివరాలు, స్వయం సహాయక సంఘంలో కట్టిన కిస్తీలు, పిల్లల ఫీజు రసీదులు, ఏవి ఉంటే అవి పెట్టండి. డ్రైవింగ్, తాపీ, వెల్డింగ్ లాంటి పని వస్తే అది నైపుణ్యం ఉన్న పని అని పిటిషన్‌లో రాయించండి.

ఇక మారాల్సినవి మూడు. ఒకటి, ఏ మరణంలోనైనా ఇంతకంటే తగ్గకూడదు అనే కనీస మొత్తం గౌరవంగా బతకడానికి సరిపోయేలా ఉండాలి. మురుగు మరణాలకు 30 లక్షలు సరైనదైతే, రోడ్డు మీద ఊడుస్తూ వాహనం కింద పడిన కార్మికురాలి ప్రాణానికి అంతకంటే తక్కువ ఎందుకు? రెండు, పర్మినెంట్‌కు 50, మిగతావాళ్లకు 40 అనే తేడా పోవాలి. ఉద్యోగ భద్రత లేకపోవడం కార్మికుడు కోరి తెచ్చుకుంది కాదు. మూడు, పిల్లల విషయంలో తల్లిదండ్రుల ఆదాయాన్ని, చదివే బడిని చూడటం పూర్తిగా ఆగాలి.

రాజ్యాంగ సభలో 1949 నవంబర్ 25న అంబేడ్కర్ ఒక హెచ్చరిక చేశారు. రాజకీయాల్లో ప్రతి మనిషికీ ఒకే ఓటు, ప్రతి ఓటుకూ ఒకే విలువ ఉంటుందని, సామాజిక, ఆర్థిక జీవితంలో మాత్రం మనిషికి ఒకే విలువను నిరాకరిస్తూ ఉంటామని, ఈ వైరుధ్యాన్ని తొందరగా తొలగించుకోవాలని ఆయన అన్నారు. పోలింగ్ బూత్‌లో మన కార్మికుడిని, ఆ ఆఫీసు ఉద్యోగిని ఎవరూ జీతం ఎంతని అడగరు. ఇద్దరి వేలికీ ఒకే సిరా పెడతారు.

ట్రిబ్యునల్‌లో ఆ భార్యను అడిగే ప్రశ్న రేపటికి రేపు మారదు. “నెలకు ఎంత సంపాదించేవారు?” అని అడుగుతూనే ఉంటారు. జవాబు చెప్పేటప్పుడు ఆమె తల దించుకోవాల్సిన పని మాత్రం లేదు. ఆయనకు అంత తక్కువ ఎందుకు ఇచ్చారో చెప్పాల్సింది ఇచ్చినవాళ్లు.